విమానాశ్రయం చుట్టూ 400 మీటర్లు: గోడకు ఇవతలి కాపలా మనదే



వానాకాలం మొదలైందంటే మా జ్వరాల వార్డులో మంచాలు ఖాళీగా ఉండవు. అక్కడ చేరేవారిలో విమానాశ్రయంలో లోడింగ్, క్లీనింగ్, క్యాంటీన్ పనులు చేసే యువకులు కూడా ఉంటారు. వాళ్ళు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. “మా దగ్గర వారం వారం టార్చిలైట్లు వేసి కుండీలు, డ్రమ్ములు అన్నీ వెదుకుతారు సిస్టర్. ఎక్కడా నీళ్ళు నిలవనివ్వరు. అయినా మాకు ఈ డెంగ్యూ ఎక్కడ అంటుకుంది?”

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే మన ఇళ్ళలో సగం జ్వరాలను ఆపుకోవచ్చునని మా నమ్మకం. అయితే ముందుగా, ఒక చిన్న దోమ మీద విమానాశ్రయంలో అంత కాపలా ఎందుకో తెలుసుకుందాము.

దోమ కూడా విమానం ఎక్కుతుంది

దోమ తన రెక్కలతో పోగలిగిన దూరం తక్కువే. డెంగ్యూను మోసే ఏడిస్ దోమ సాధారణంగా తాను పుట్టిన చోటి నుంచి ఒకటి రెండు వందల మీటర్లకు మించి పోదు. కాని తలుపు తెరిచి ఉన్న విమానంలోకో, సామాను అరలోకో దూరిందంటే కొన్ని గంటల్లోనే సముద్రం దాటేస్తుంది. 1980లలో ఉష్ణ దేశాల నుంచి లండన్ గాట్విక్ విమానాశ్రయంలో దిగిన 67 విమానాలను వెదికి చూస్తే, వాటిలో 12 విమానాల్లో దోమలు దొరికాయి.

1994 వేసవిలో పారిస్ నగర సమీపంలోని ఛార్లెస్ డి గాల్ విమానాశ్రయం లోపల, పరిసరాల్లో ఆరుగురికి మలేరియా వచ్చింది. వారిలో నలుగురు విమానాశ్రయంలో పనిచేసేవారు. మిగిలిన ఇద్దరు అక్కడికి సుమారు 7 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరివారు. వాళ్ళ ఇళ్ళ పక్కన విమానాశ్రయ ఉద్యోగులు ఉండేవారు. ఆ ఉద్యోగుల కార్లలోనే దోమలు ఊరు చేరి ఉంటాయని నిపుణులు భావించారు. ఇలా వచ్చే జబ్బును ‘విమానాశ్రయ మలేరియా’ అంటారు. ఇందులో పెద్ద ప్రమాదం ఏమిటంటే, రోగి ఏ దేశానికీ వెళ్ళలేదు కనుక మలేరియా అన్న అనుమానం ఎవరికీ త్వరగా రాదు. చికిత్స ఆలస్యమవుతుంది.

ఇంతకంటె పెద్ద నష్టం బ్రెజిల్ చూసింది. ఆఫ్రికాలో మలేరియాను బాగా వ్యాపింపజేసే అనాఫిలిస్ గాంబియే అనే దోమ 1930లో ఆ దేశపు నాటాల్ నగరంలో కనిపించింది. పశ్చిమ ఆఫ్రికాలోని డాకర్ నుంచి టపా తెచ్చే వేగపు ఓడల్లోనో, విమానాల్లోనో వచ్చి ఉంటుందని అనుకున్నారు. మొదట్లో దాన్ని పూర్తిగా అణచలేదు. 1938లో లక్ష మందికి పైగా మలేరియా బారిన పడ్డారు, సుమారు 14 వేల మంది చనిపోయారు. ఆ తరువాత ఫ్రెడ్ సోపర్ అనే వైద్యుని నాయకత్వంలో వేలాది మంది సిబ్బంది ఇల్లిల్లూ, నీటి మడుగు మడుగూ వెదికి, 1940 చివరికల్లా ఆ దోమను బ్రెజిల్‌లో లేకుండా చేశారు.

మన దోమ పరాయి దేశానికి వెళ్ళిన సంగతి కూడా చెప్పాలి. మన పట్టణాల్లో సంపుల్లో, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో పెరిగి మలేరియాను తెచ్చే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటి దేశంలో కనిపించింది. ఆ ఏడాది అక్కడ నమోదైన మలేరియా కేసులు 27. అవి 2020లో 73 వేలు దాటాయి. కనుక రేవుల్లో, విమానాశ్రయాల్లో కాపలా కాసేది మన కోసమే కాదు, పొరుగువారి కోసం కూడా.

జబ్బు మనిషితో ప్రయాణించినప్పుడు

దోమ ప్రయాణం కంటె మనిషి ప్రయాణం వల్ల వచ్చే ముప్పే ఎక్కువ. డెంగ్యూ, చికున్‌గున్యా వంటి జ్వరాల వైరస్ కొన్ని రోజులపాటు రోగి రక్తంలో ఉంటుంది. ఆ రోజుల్లో ఏడిస్ దోమ కుడితే వైరస్ దాని కడుపులోకి చేరుతుంది. సుమారు 8 నుంచి 12 రోజుల్లో అక్కడ వృద్ధి చెందుతుంది. అటుపైన ఆ దోమ బతికినంత కాలం కుట్టిన వారికల్లా జబ్బును అంటించగలదు.

2006లో మన జిల్లాల్లో చికున్‌గున్యా ఎలా విజృంభించిందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కీళ్ళు పట్టేసి, మంచం మీద నుంచి లేవలేక, నెలల తరబడి గోడ పట్టుకొని నడిచినవారు మన కుటుంబాల్లోనే ఉన్నారు. ఆ మరుసటి ఏడు, అంటే 2007 వేసవిలో, కేరళ నుంచి ఇటలీకి బంధువుల ఇంటికి వెళ్ళిన ఒక వ్యక్తికి అక్కడ జ్వరం వచ్చింది. ఆ ఊళ్ళో ఏడిస్ జాతికే చెందిన టైగర్ దోమలు అప్పటికే ఉన్నాయి. కొద్ది వారాల్లో రెండు వందల మందికి పైగా చికున్‌గున్యా వచ్చింది. విమానంలో దోమ రాలేదు. వచ్చింది వైరస్ మాత్రమే. దోమ అక్కడిదే.

మన దేశం అన్నిటికంటె ఎక్కువగా భయపడేది ఎల్లో ఫీవర్ అనే జ్వరానికి. ఇది ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను ఉన్న ప్రాణాంతకమైన జ్వరం. మనం మామూలుగా చూసే పచ్చకామెర్లు వేరు, ఇది వేరు. మన దేశంలో ఇది ఇంతవరకు వ్యాపించలేదు. కాని దీన్ని మోయగల ఏడిస్ దోమ మన ఊళ్ళన్నిటా ఉంది. టీకా వేయించుకోని ప్రజలు కోట్ల సంఖ్యలో ఉన్నారు. లేనిది వైరస్ ఒక్కటే. అందుకే విమానాశ్రయాల్లో అంత కట్టుదిట్టం.

400 మీటర్ల లెక్క ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు 2005లో ఆమోదించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2007 జూన్ 15 నుంచి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో ప్రయాణికులు, సామాను, సరుకులు, టపా వచ్చిపోయే చోట్ల నుంచి కనీసం 400 మీటర్ల దూరం వరకు వ్యాధులను మోసే దోమలు, ఇతర కీటకాల అదుపు కార్యక్రమం ఉండాలి. ఇంకా దూరం ఎగిరే జాతులు ఉంటే ఆ హద్దును పెంచాలి.

ఏడిస్ దోమ మామూలుగా ఎగిరే దూరానికి ఇది దాదాపు రెండింతలు. అంటే ఆ వలయంలో దోమ పుట్టకుండా చూస్తే, విమానం దిగిన రోగిని కుట్టడానికి దోమ ఉండదు. మన దోమ విమానం ఎక్కదు కూడా. మన దేశంలో ఈ పనిని కేంద్ర ప్రభుత్వపు ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ అధికారులు, విమానాశ్రయ యాజమాన్యం, స్థానిక మున్సిపల్, మలేరియా విభాగాల సిబ్బంది కలిసి చూసుకోవాలి.

దోమల సర్వే ఎలా చేస్తారు?

ఏ దోమ ఏ జబ్బును మోస్తుందో తెలియకపోతే కాపలా దండగ. ఈ పాఠాన్ని నేర్పింది మన గడ్డే. సర్ రొనాల్డ్ రాస్ రెండేళ్ళపాటు వేరే జాతుల దోమలను కోసి చూసి విఫలమయ్యారు. చివరకు చుక్కల రెక్కల దోమలు ఆయనకు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన అలాంటి దోమ కడుపులో 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమిని చూశారు. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆ పరిశోధన జరిగిన భవనం బేగంపేట పాత విమానాశ్రయానికి చేరువలోనే ఉంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారేవరకు ఎంతోమంది ఆ భవనం సమీపం నుంచే ఎగిరి వెళ్ళారు.

ఇప్పటి సర్వే ఇలా ఉంటుంది. సిబ్బంది టార్చిలైటు, గరిటె, డ్రాపరు పట్టుకొని నీరు నిలిచే ప్రతి చోటా చూస్తారు. కట్టడాలు జరిగే చోట్లు, మేడ మీది నీటి గొట్టాలు, పూలకుండీల కింది పళ్ళేలు, పాత టైర్లు, సరుకు మీద కప్పిన టార్పాలిన్ మడతలు, ఏసీల నుంచి కారే నీరు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. నీటిలో మెలికలు తిరుగుతూ ఈదే చిన్న పురుగులే దోమ లార్వాలు. దొరికితే వాటిని సీసాలో పట్టి, ఏ జాతివో గుర్తించడానికి పంపుతారు.

నల్లటి చిన్న డబ్బాలో నీళ్ళు పోసి, ఒక చెక్కముక్క నిలబెట్టి అక్కడక్కడ ఉంచుతారు. ఏడిస్ దోమ తడి అంచున గుడ్లు పెడుతుంది కనుక వారానికొకసారి ఆ చెక్క మీది గుడ్లను లెక్కిస్తారు. లార్వాలు కంటికి కనపడక ముందే దోమ ఉనికిని ఇది తెలియజేస్తుంది. పెద్ద దోమలను పట్టడానికి బోనులు వేరుగా ఉంటాయి.

దొరికినదాన్ని లెక్కల్లో రాస్తారు. ఒక ఉదాహరణ చూడండి. ఒక కాలనీలో 100 ఇళ్ళు, వాటిలో నీళ్ళున్న 250 పాత్రలు చూశారనుకుందాము. 6 ఇళ్ళలో లార్వాలు ఉన్నాయి. లార్వాలు ఉన్న పాత్రలు మొత్తం 10. అప్పుడు ఇళ్ళ సూచిక నూటికి 6, పాత్రల సూచిక నూటికి 4. ప్రతి 100 ఇళ్ళకు లార్వాలున్న పాత్రలు ఎన్ని అని చెప్పేది బ్రెటో సూచిక. అది ఇక్కడ 10. ఇళ్ళ సూచిక 1 కంటె, బ్రెటో సూచిక 5 కంటె తక్కువగా ఉంటే ఎల్లో ఫీవర్ వ్యాపించే అవకాశం తక్కువని ఎప్పటినుంచో ఉన్న అంచనా. డెంగ్యూ మాత్రం ఇంతకంటె తక్కువ దోమలున్నా వ్యాపించవచ్చు. విమానాశ్రయం గోడ లోపల లక్ష్యం సున్నా.

దోమల అదుపు ఎలా?

మొదటి పని మందు చల్లడం కాదు, నీళ్ళు పారబోయడం. పారబోయలేని నీటిలో టెమిఫాస్ అనే లార్వా మందును లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున వేస్తారు. లార్వాలను మాత్రమే చంపే బాక్టీరియా మందు కూడా వాడుకలో ఉంది. వాడని బావుల్లో, ఫౌంటెన్లలో గంబూసియా చేపలను వదులుతారు. ఇవి ఇతర చేప పిల్లలను కూడా తినేస్తాయి కనుక చెరువుల్లో, వాగుల్లో ఇష్టం వచ్చినట్టు వదలకూడదు.

చాలామంది ఫాగింగ్ బండి రాలేదని బాధపడుతుంటారు. ఆ పొగ అప్పటికి ఎగురుతున్న దోమలను మాత్రమే చంపుతుంది. డ్రమ్ములో ఉన్న లార్వాలను ఏమీ చేయలేదు. రెండు మూడు రోజుల్లో అవి మళ్ళీ దోమలై లేస్తాయి. కేసులు వచ్చిన వీధిలో పొగ అవసరమే, కాని అదే మందు అనుకోవద్దు.

విమానాల లోపల కూడా మందు చల్లే పద్ధతి ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు తమ దగ్గరకు వచ్చే విమానాలకు దీన్ని తప్పనిసరి చేశాయి. మన పిల్లలను చూడడానికి అక్కడికి వెళ్ళేవారు సిబ్బంది స్ప్రే చేస్తుంటే కంగారు పడనక్కరలేదు. ఉబ్బసం ఉన్నవారు ముందే సిబ్బందికి చెప్పి, ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుంటే సరిపోతుంది.

మరి ఆ యువకులకు డెంగ్యూ ఎక్కడిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. గోడ లోపల లెక్క సున్నా అయినా, పని ముగించుకొని వారు వెళ్ళేది గోడ బయటి ఊళ్ళలోని అద్దె గదులకు. ఒక గదిలో నలుగురైదుగురు ఉంటారు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కనుక గది ముందు రెండు మూడు డ్రమ్ములు. వాటికి మూతలు ఉండవు. రాత్రి షిఫ్టు చేసినవారు పగలు నిద్రపోతారు. ఏడిస్ దోమ కుట్టేది పగటి పూటే, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం చీకటి పడకముందు. వాళ్ళు పడుకునే వేళ, అది తిరిగే వేళ ఒక్కటే. మేము వార్డులో అడిగినప్పుడు పగలు దోమతెర కట్టుకున్నామని చెప్పినవారు చాలా అరుదు.

విమానాశ్రయ సిబ్బంది గోడ బయట ఉన్న మన ఇంటి మేడ ఎక్కి చూడలేరు. 400 మీటర్ల వలయంలో మన ఇళ్ళు, బళ్ళు, దుకాణాలు, పంక్చరు షాపులు, గుడులు, చర్చీలు అన్నీ ఉంటాయి. లోపల ఎంత శుభ్రం చేసినా బయటి డ్రమ్ములో దోమ పుడితే ఆ కాపలా సగమే. విమానాశ్రయానికి దూరంగా ఉన్నవారు కూడా ఇది తమది కాదనుకోవద్దు. విమానం దిగిన మనిషి రెండు గంటల్లో మన ఊళ్ళో ఉంటాడు.

సంతోషకరమైన విషయం ఏమిటంటే, అక్కడ వారు చేసే పనికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక టార్చిలైటు, అరగంట తీరిక చాలు. గుడ్డు దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. అందుకే మన రెండు రాష్ట్రాల్లో ‘ఫ్రైడే డ్రైడే’ అని శుక్రవారం పొడిదినం పాటించమంటారు. వారానికి ఒకసారి తప్పకుండా చేస్తే ఏ లార్వాకూ దోమ అయ్యే వ్యవధి దొరకదు.

ప్రతి శుక్రవారం చూడవలసినవి:

• డ్రమ్ములు, తొట్లు, గోళేలు ఖాళీ చేసి, లోపలి అంచును పీచుతో గట్టిగా రుద్దాలి. ఏడిస్ గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్ళు తగలగానే పొదుగుతాయి. నీళ్ళు పారబోసి ఊరుకుంటే చాలదు.
• ఓవర్‌హెడ్ ట్యాంకుకు, సంపుకు మూత బిగుతుగా ఉండాలి. మూత పగిలితే పలుచని బట్ట కట్టాలి.
• కూలరు, ఫ్రిజ్ వెనుక ట్రే, పూలకుండీల కింది పళ్ళేలు, కోళ్ళకు నీళ్ళు పెట్టే చిప్పలు కడగాలి.
• పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పెరట్లో పడేసిన రోళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు తీసేయాలి లేదా బోర్లించాలి.
• లార్వా మందును ఆరోగ్య సిబ్బంది చేతనే వేయించుకోవాలి. సొంత మోతాదులు వద్దు.

సంఘ పెద్దలకు, యౌవనస్థులకు ప్రత్యేకంగా ఒక మనవి. సమాధుల తోటలో పూలు పెట్టే కూజాలు ఏడిస్ దోమకు ఎంతో ఇష్టమైన చోటు. నీళ్ళకు బదులు తడి ఇసుక పోసి పూలు గుచ్చండి. బాప్తిస్మపు తొట్టిని ఆరాధన అయిన వెంటనే ఖాళీ చేసి తుడవండి. పండుగలకు కట్టిన టార్పాలిన్లు, పందిరి సామాను వానలో వదిలేయవద్దు.

ప్రయాణం చేసేవారికి

ఉద్యోగానికో, సేవకో ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు వెళ్ళేవారు ఎల్లో ఫీవర్ టీకా అవసరమో కాదో టికెట్టు కొనేటప్పుడే తెలుసుకోండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లో వేసిన టీకాకే సర్టిఫికెట్టు చెల్లుతుంది. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే అది అమలులోకి వస్తుంది. 2016 జులై నుంచి ఆ సర్టిఫికెట్టు జీవితాంతం చెల్లుతుంది కనుక భద్రంగా దాచుకోండి. 9 నెలల లోపు పిల్లలకు, గుడ్డు బొత్తిగా పడని వారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఈ టీకా వేయరు. గర్భిణులు, 60 ఏళ్ళు దాటినవారు డాక్టరును తప్పక సంప్రదించాలి. ఆ దేశాల నుంచి సర్టిఫికెట్టు లేకుండా తిరిగి వచ్చినవారిని 6 రోజుల వరకు విడిగా ఉంచుతారు. ఇది శిక్ష కాదు. ఆ జ్వరం బయటపడడానికి పట్టే గడువు అది.

ఊరి నుంచి తిరిగి వచ్చాక జ్వరం వస్తే, ఓపీలో చీటీ రాయించుకునేటప్పుడే ‘ఫలానా దేశం నుంచి ఫలానా రోజున వచ్చాము’ అని చెప్పండి. విమానాశ్రయంలో పనిచేసేవారు ఆ సంగతి చెప్పండి. ఈ ఒక్క మాటతో ఏ పరీక్షలు చేయాలో డాక్టరుకు తెలుస్తుంది.

జ్వరం వచ్చినప్పుడు

అకస్మాత్తుగా ఎక్కువ జ్వరం, తలనొప్పి, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళంతా నొప్పులు ఉంటే డెంగ్యూ అని అనుమానించాలి. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే, డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. ద్రవాలు ధారాళంగా తాగాలి. ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు మంచివి. వారం పాటు రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచాలి. మా వార్డులో దోమతెర కట్టేది రోగి కోసమే కాదు, పక్క మంచం వారి కోసం కూడా. ఇంట్లోనూ అంతే.

జ్వరం తగ్గిన మొదటి ఒకటి రెండు రోజులే డెంగ్యూలో అసలు జాగ్రత్త పడవలసిన సమయం. ‘జ్వరం తగ్గింది కదా’ అని ఇంటికి పోతామనే వారిని మేము బతిమాలి ఆపుతుంటాము. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, చల్లబడిన చేతులు కాళ్ళు, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఈ శుక్రవారం ఇంట్లో పిల్లల చేతికి టార్చిలైటు ఇచ్చి, నీళ్ళున్న పాత్రలన్నీ లెక్కపెట్టించండి. ఎన్నిటిలో పురుగులు కనిపించాయో కాగితం మీద రాయండి. వచ్చే శుక్రవారం మళ్ళీ లెక్కపెట్టండి. ఆ అంకె సున్నా అయ్యేవరకు మానవద్దు.